రాయల్టీ వద్దన్న మాస్టారు, మన లెవెల్ ఫైవ్

2000 ప్రాంతంలో హైదరాబాదులోనో బెంగళూరులోనో సాఫ్ట్‌వేరు ఉద్యోగంలో చేరినవాళ్ళకి "కంట్రోల్ చార్ట్" అన్న మాట వినబడితే ఇప్పటికీ కొంచెం నీరసం ముంచుకొస్తుంది. మూడు అడ్డగీతలు, వాటి మధ్య వంకర టింకరగా ఎక్కుతూ దిగుతూ ఇంకో గీత. పై గీత దాటిందా, కింద గీత దాటిందా, దాటితే కారణం రాయి, దిద్దుబాటు రాయి, పైవాడి చేత ఓకే అనిపించు. ఆడిట్‌కి వారం ముందు రాత్రుళ్ళు కూర్చుని ఎక్సెల్‌లో ఈ బొమ్మలు గీసినవాళ్ళు ఈ టపా చదివేవాళ్ళలో సగం మందైనా ఉంటారు. "ఎవడు కనిపెట్టాడ్రా బాబూ దీన్ని!" అని తిట్టుకోనివాళ్ళు మాత్రం ఉండరు.

కనిపెట్టినాయన పేరు వాల్టర్ షూహార్ట్. అమెరికాలో టెలిఫోన్లు తయారుచేసే వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీలో ఇంజనీరు. 1924 మే నెలలో తన పైఅధికారికి రాసిన ఒక చిన్న మెమోలో ఈ బొమ్మ మొదటిసారి గీశాడు. (ఒక పేజీ కూడా నిండని మెమో అది. మన దగ్గర ప్రాసెస్ డాక్యుమెంటు ఏదీ వంద పేజీలకి తగ్గదు, అది వేరే సంగతి.)

ఆ మెమో అమెరికా నుంచి జపాన్‌కీ, అక్కణ్ణుంచి తిరిగి అమెరికాకీ, ఆ తర్వాత మన క్యూబికల్ దాకా ఎలా వచ్చిందన్నదే ఈ టపా. దారిలో ముఖ్యమైన మజిలీ ఒకటుంది. యుద్ధంలో ఓడిపోయి, కాలిపోయి, ఎగుమతులు చేస్తే తప్ప పూట గడవని దేశానికి ఒక పెద్దమనిషి వెళ్ళి పాఠం చెప్పి, ఆ పాఠాల పుస్తకం మీద వచ్చే డబ్బు మీరే ఉంచుకోండని వచ్చేశాడు. ధనిక దేశాల నిపుణులు పేద దేశాల కంపెనీలకి డబ్బు ఆశించకుండా వ్యాపారం నేర్పడం అనే పద్ధతి ఒకటుంది కదా, దానికి నాకు తెలిసినంతలో ఇంతకంటే గొప్పగా ఫలించిన ఉదాహరణ లేదు. ఇదే పాఠం మనకీ చెప్పారు. జపాన్‌కి డెమింగ్ పాఠం కంటే ముందే చెప్పారు. అక్కడే నాకు కొంచెం మంట. అందుకే ఇంత పొడుగు టపా.

సరే, మొదటి నుంచీ వద్దాం.

1945 తర్వాత జపాన్‌కి తనదంటూ ఉన్నది మనుషులే. పత్తి లేదు, ఇనప ఖనిజం లేదు, చమురు లేదు. తిండిగింజలు కూడా బయటనుంచే రావాలి. ఇవన్నీ కొనాలంటే డాలర్లు కావాలి, డాలర్లు రావాలంటే ఏదో ఒకటి బయట అమ్మాలి. అమ్ముదామంటే పేరు లేదు. మన చిన్నప్పుడు "చైనా బజార్ సరుకు" అంటే ఎలా నవ్వేవాళ్ళమో, అప్పట్లో అమెరికా, యూరప్‌లలో "మేడ్ ఇన్ జపాన్" అంటే అలాగే నవ్వేవాళ్ళు. బొమ్మ కొంటే సాయంత్రానికి చక్రం ఊడొచ్చేది. 1949 ఏప్రిల్‌లో డాలరుకి 360 యెన్‌లు అని మారకం రేటు ఖాయం చేసి, కంపెనీలకిచ్చే సబ్సిడీలు తెగ్గోసి, ఇక మీ తిప్పలు మీరు పడండి అన్నారు అమెరికా వాళ్ళు. కంపెనీలు టపటపా మూతపడ్డాయి. వేలమంది ఉద్యోగాలు పోయాయి.

ఈ కథలో అందరూ చెప్పేది డెమింగ్ పేరు. కానీ ఆయనకంటే ముందు ఇంకొకాయన ఉన్నాడు, హోమర్ సారాసాన్. రేడియో ఇంజనీరు. 1946లో మెకార్థర్ కార్యాలయం జపాన్‌కి పిలిపించేనాటికి ఆయన వయసు 29. ఇప్పటి లెక్కలో టీమ్ లీడ్ వయసు. ఆయనకి అప్పజెప్పిన పని జపాన్‌లో రేడియోల తయారీని మళ్ళీ నిలబెట్టడం. ఆక్రమణ సైన్యం చెప్పే మాటలు జనానికి చేరాలంటే ఇంటింటికీ రేడియో కావాలి మరి. తీరా చూస్తే ఫ్యాక్టరీల్లో తయారైన వాక్యూమ్ ట్యూబుల్లో పనికొచ్చేవాటికంటే పారేసేవే ఎక్కువ. తప్పు కార్మికులది కాదనీ, పైన కూర్చున్నవాళ్ళకి ఫ్యాక్టరీ నడపడం రాదనీ ఆయనకి తొందరగానే అర్థమైంది.

వెస్టర్న్ ఎలక్ట్రిక్ నుంచి వచ్చిన చార్లెస్ ప్రోట్జ్‌మన్‌తో కలిసి ఆయన ఒక కోర్సు తయారుచేశాడు. 1949 చివర్లో టోక్యోలో ఒకసారి, 1950 మొదట్లో ఒసాకాలో ఇంకోసారి, ఎనిమిదేసి వారాలు. కూర్చోవలసింది సూపర్‌వైజర్లు కాదు, కంపెనీల పెద్దలు. ఇలాంటివి నేర్పిస్తే రేపు మనకే పోటీకొస్తారని ఆక్రమణ ప్రభుత్వంలోనే ఇంకో విభాగం అడ్డుపడిందట. చివరికి పంచాయితీ మెకార్థర్ ముందుకి వెళ్ళింది. రెండు పక్షాల వాదనా విని, లేచి తలుపు దాకా నడిచి, వెనక్కి తిరిగి "కానివ్వు" అని మాత్రం అనేసి వెళ్ళిపోయాడని సారాసాన్ తర్వాత రోజుల్లో చెప్పేవాడు.

ఆ కోర్సు మాన్యువల్‌లో మొదట్లోనే అడిగింది కంట్రోల్ చార్టుల గురించి కాదు. మీ కంపెనీ ఎందుకుంది అని. దానికి ఉదాహరణగా అమెరికాలో ఓడలు కట్టే ఒక కంపెనీ వ్యవస్థాపకుడి మాట తీసుకున్నారు. లాభమొచ్చినా నష్టమొచ్చినా మేం కట్టేది మంచి ఓడే అన్నది దాని సారాంశం. లాభాల గురించి గొంతు చించుకునే అమెరికావాడు ఈ మాట చెప్పడం అక్కడి వాళ్ళకి వింతగానే ఉండి ఉంటుంది.

సారాసాన్‌కి, ప్రోట్జ్‌మన్‌కి సైన్యం జీతమిచ్చింది, కాబట్టి వాళ్ళు స్వచ్ఛంద నిపుణులు కారు. ఇప్పుడు డెమింగ్ దగ్గరకి వద్దాం.

ఎడ్వర్డ్స్ డెమింగ్ 1900లో పుట్టాడు. యేల్‌లో గణిత భౌతికశాస్త్రంలో డాక్టరేట్. చదువుకునే రోజుల్లో వేసవి సెలవులకి షికాగో దగ్గర వెస్టర్న్ ఎలక్ట్రిక్ వాళ్ళ హాథార్న్ ఫ్యాక్టరీలో పనిచేశాడు. తర్వాత అమెరికా వ్యవసాయ శాఖలో, ఆపైన జనాభా లెక్కల శాఖలో. షూహార్ట్ శిష్యుడనే చెప్పాలి. 1947లో జపాన్‌కి మొదటిసారి వెళ్ళింది కూడా లెక్కల పనిమీదే, 1951 నాటి సెన్సస్‌కి ఏర్పాట్లు చెయ్యడానికి. ఆ ప్రయాణంలో అక్కడి గణాంక శాస్త్రజ్ఞులతో స్నేహం కుదిరింది. ఆ స్నేహం పట్టుకునే 1950లో జపాన్ శాస్త్రజ్ఞుల, ఇంజనీర్ల సంఘం (దీన్ని జ్యూస్ అంటారు, తాగేది కాదు) నిర్వాహకుడు కెనిచి కొయనాగి ఆయన్ని పాఠాలు చెప్పమని అడిగాడు.

1950 జులైలో టోక్యోలో వైద్య సంఘం వారి హాల్లో ఎనిమిది రోజుల కోర్సు. విన్నవాళ్ళు వందల్లో, అంతా ఇంజనీర్లు, మేనేజర్లు, పరిశోధకులు. కానీ ఇలాంటి కోర్సులు యుద్ధకాలంలో అమెరికాలోనూ చెప్పాడు డెమింగ్. ఇంజనీర్లు శ్రద్ధగా నేర్చుకున్నారు, యుద్ధం అవగానే పైవాళ్ళు పట్టించుకోలేదు, అంతా గాలికి పోయింది. అదే ఇక్కడా జరుగుతుందని ఆయన భయం. అందుకని పెద్దల్ని కలవాలన్నాడు. జ్యూస్ అధ్యక్షుడు ఇచిరో ఇషికావా అప్పట్లో జపాన్ పారిశ్రామికవేత్తల సమాఖ్య కెయిడాన్‌రెన్‌కి కూడా అధ్యక్షుడు. ఆయన కబురు పెడితే రానివాడు లేడు. ఇరవై ఒక్కమంది కంపెనీ అధిపతులు భోజనానికొచ్చారు. ఆ తర్వాత హకోనెలో పెద్దల కోసమే ఇంకో రోజు పాఠం.

ఏం చెప్పాడు? లెక్కలు కొంచెమే. ఎక్కువ చెప్పింది ఒక బొమ్మ గురించి. ఒక చివర సరుకు ఇచ్చేవాళ్ళు, మధ్యలో ఫ్యాక్టరీ, ఇంకో చివర కొనేవాడు. కొనేవాడి దగ్గర్నుంచి మళ్ళీ డిజైన్‌లోకి ఒక బాణం. కొనేవాడు కూడా ఈ ఉత్పత్తి గొలుసులో భాగమే, అందరికంటే ముఖ్యమైన భాగం అన్నాడు. నాణ్యత పెరిగితే ఖర్చు పెరుగుతుందని అందరూ అనుకునే రోజుల్లో, కాదు, పారేసేదీ మళ్ళీ చేసేదీ తగ్గుతుంది గనక ఖర్చు తగ్గుతుంది అన్నాడు. మన భాషలో రీవర్క్. ఇలా చేస్తే ఐదేళ్ళలో మీ సరుకు ప్రపంచ మార్కెట్లలోకి వెళ్తుంది, మీ నుంచి కాపాడమని వేరే దేశాల వాళ్ళు ప్రభుత్వాల కాళ్ళు పట్టుకుంటారు అని కూడా అన్నాడు. ఆ రోజు ఆ మాట నమ్మింది జపాన్ మొత్తం మీద తనొక్కణ్ణే అని తర్వాత నవ్వుతూ చెప్పుకునేవాడు.

ఆ ఎనిమిది రోజుల పాఠాల్ని పుస్తకంగా వేసి అమ్మారు. రాయల్టీ ఇవ్వబోతే డెమింగ్ పుచ్చుకోలేదు, మీ సంఘం పనులకి వాడుకోండి అన్నాడు. కొయనాగి ఆ డబ్బుతో ఒక బహుమతి పెడదామన్నాడు. అలా 1951లో మొదలైందే డెమింగ్ ప్రైజ్. తర్వాత ఆయన రాసిన ఇంకో పుస్తకం జపనీస్ అనువాదం మీద వచ్చిన డబ్బూ అందులోకే వెళ్ళింది. ఎంతొచ్చి ఉంటుంది? పెద్ద మొత్తమేం కాదు. కానీ ఆ ప్రైజ్ కోసం పోటీపడి జపాన్ కంపెనీలు తమ ఫ్యాక్టరీల మీద పెట్టిన శ్రమకి లెక్క కట్టగలమా? ఒక కన్సల్టెంటు తన ఫీజుతో ఇంత పని చేయించిన సందర్భం ఇంకోటి చెప్పండి చూద్దాం.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే అన్యాయం. "డెమింగ్ వెళ్ళాడు, జపాన్ లేచింది" అని మేనేజ్‌మెంట్ పుస్తకాల్లో రాసే పురాణం నేను నమ్మను. డెమింగ్ రాకముందే జ్యూస్‌లో నాణ్యత మీద ఒక అధ్యయన బృందం షూహార్ట్ పుస్తకాలు ముందేసుకుని కుస్తీ పడుతోంది. తోషిబాలో వాక్యూమ్ ట్యూబులు చేసిన ఎయిజబురో నిషిబోరి లాంటి వాళ్ళు సొంతంగా ఈ దారి పట్టారు. (ఈ నిషిబోరి 1957లో అంటార్కిటికాలో చలికాలం గడిపిన మొదటి జపాన్ బృందానికి నాయకుడు కూడా. అదేం మనిషో!) పైగా 1950 జూన్‌లో కొరియా యుద్ధం మొదలైంది. అమెరికా సైన్యం కావలసిన లారీలూ గుడ్డలూ అన్నీ పక్కనే ఉన్న జపాన్‌లో కొనేసింది. జపాన్‌కి అదో లాటరీ. కమ్యూనిజం అటు రాకుండా ఉండాలంటే జపాన్ కడుపు నిండాలని అమెరికా తన మార్కెట్ తలుపులు తెరిచింది. 1954లో జపాన్ వెళ్ళి పాఠాలు చెప్పిన జోసఫ్ జురాన్ అయితే తనూ డెమింగూ వెళ్ళకపోయినా జపాన్ ఇక్కడికే వచ్చేదనీ, ఘనత అక్కడి మేనేజర్లదేననీ నిక్కచ్చిగా చెప్పాడు. ఆయన మాటలో నిజం ఉంది. తుపాకీలో మందు దట్టించి ఉంది, డెమింగ్ నిప్పు ముట్టించాడు.

అయినా ప్రభుత్వం ఊరుకోలేదు. 1957లో ఎగుమతి తనిఖీ చట్టం తెచ్చి, పనికిమాలిన సరుకు రేవు దాటకుండా ఆపింది. 1958లో జెట్రో అనే సంస్థని పెట్టి ఏ దేశంలో ఎవరు ఏం కొంటున్నారో వెతికి చెప్పమంది. 1962లో ఇచిరో ఇషికావా కొడుకు కఓరు ఇషికావా పూనికతో క్వాలిటీ సర్కిల్స్ మొదలయ్యాయి, పాఠం మెషిన్ దగ్గర నిలబడేవాడి దాకా దిగింది. మన డిఫెక్ట్ ప్రివెన్షన్ మీటింగుల్లో చేపముల్లు బొమ్మ గీసేవాళ్ళం చూడండి, అది ఈ కొడుకు గారిదే.

ఇప్పుడు మన సంగతి.

షూహార్ట్ స్వయంగా మన దేశానికొచ్చాడని మీలో ఎంతమందికి తెలుసు? కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌ని 1931లో పెట్టిన మహలనోబిస్ ఆహ్వానం మీద 1947 చివర్లో వచ్చి, 1948లో కొన్నాళ్ళు దేశమంతా తిరిగాడు. కంట్రోల్ చార్ట్ కనిపెట్టిన మనిషి, స్వాతంత్ర్యం వచ్చిన కొద్ది నెలలకే, మన ఫ్యాక్టరీల్లో! శిష్యుడు టోక్యోలో పాఠం చెప్పడానికి రెండేళ్ళ ముందే గురువు మన దగ్గరకొచ్చాడు. ఆ రోజుల్లోనే డెమింగ్ కూడా వచ్చి వెళ్ళాడు. మనకి గణాంక శాస్త్రజ్ఞులు లేరా అంటే, ప్రపంచంలో ఎవరికీ తీసిపోనివాళ్ళు ఉన్నారు. మన ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మే చేసి ఆ సంస్థలో చేరిన సి.ఆర్.రావు గారు 1945కల్లా ప్రపంచమంతా చదివే పేపరు రాశారు. 1950లలో బొంబాయితో మొదలుపెట్టి ఊరూరా స్టాటిస్టికల్ క్వాలిటీ కంట్రోల్ యూనిట్లు పెట్టారు. హైదరాబాదులో హబ్సిగూడలో కూడా ఒకటుంది. ఎగుమతి సరుకు తనిఖీకి 1963లో మనమూ చట్టం చేశాం.

అంటే గురువు ఉన్నాడు, బడి ఉంది, పుస్తకం ఉంది, చట్టం ఉంది. ఫలితం చూడండి. 1948లో ప్రపంచ ఎగుమతుల్లో మన వాటా 2.2 శాతం, జపాన్‌ది 0.4 శాతం. 1963కి మనం 1 శాతం, వాళ్ళు 3.5. 1973కి మనం 0.5, వాళ్ళు 6.4. 1983లో మనం అదే 0.5, వాళ్ళు 8. ఈ అంకెలు మొదటిసారి పక్కపక్కన పెట్టుకుని చూసిన రోజు నేను చాలాసేపు వేరే పని చెయ్యలేదు.

"మనవాళ్ళకి క్రమశిక్షణ లేదండీ, జపాన్ వాళ్ళ రక్తంలోనే ఉంది" అని ఒక వాదన ఉంది. నాకది సుతరామూ నచ్చదు. రక్తంలో ఉన్నదే అయితే 1930ల్లో వాళ్ళ బొమ్మల చక్రాలు ఎందుకు ఊడాయి? నా ఉద్దేశంలో తేడా వేరే చోట ఉంది. జపాన్ ఫ్యాక్టరీవాడికి కొనేవాడు సముద్రం అవతల ఉన్నాడు, నచ్చకపోతే కొనడు. మన ఫ్యాక్టరీవాడికి కొనేవాడు వాకిట్లో క్యూలో నిలబడి ఉన్నాడు. స్కూటర్ కావాలంటే పేరు రాసుకుని ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. కారంటే అంబాసిడరో, ఫియట్టో. దిగుమతులు బంద్. కొత్తవాడు ఫ్యాక్టరీ పెట్టాలంటే లైసెన్సు. తయారైన ప్రతిదీ అమ్ముడుపోతుంటే కంట్రోల్ చార్టు గీసుకోవలసిన ఖర్మ ఎవడికి?

ఇందులో ఇంకో చమత్కారం ఉంది. షూహార్ట్‌ని పిలిపించిన మహలనోబిసే 1956లో మొదలైన రెండో పంచవర్ష ప్రణాళికకి రూపకర్త. భారీ పరిశ్రమలు మనమే పెట్టుకుందాం, దిగుమతులు తగ్గించుకుందాం, ఎగుమతుల మీద పెద్దగా ఆశ వద్దు అన్నది ఆ ప్రణాళిక ధోరణి. ఒక చేత్తో నాణ్యత శాస్త్రాన్ని తెచ్చి ఇంకో చేత్తో అది అక్కర్లేకుండా చేసేశాడన్నమాట. ఆయన్ని తిట్టడానికి ఇది రాయట్లేదు. వలసపాలనలోంచి అప్పుడే బయటపడ్డ దేశానికి విదేశీ వ్యాపారం అంటే భయం ఉండటంలో వింతేమీ లేదు. కానీ బిల్లు మాత్రం వచ్చింది, దాన్ని రెండు తరాలు కట్టాయి.

జపాన్ కథ చూసి ముచ్చటపడ్డారో, చలియుద్ధం అవసరమో గానీ, తర్వాత రోజుల్లో ఈ ఉచిత నిపుణుల పద్ధతికి సంస్థలే పుట్టాయి. 1964లో అమెరికాలో డేవిడ్ రాక్‌ఫెల్లర్, జిరాక్స్‌కి చెందిన సోల్ లినోవిట్జ్ కలిసి ఇంటర్నేషనల్ ఎగ్జిక్యూటివ్ సర్వీస్ కోర్ పెట్టారు. రిటైరైన కంపెనీ పెద్దలు పేద దేశాలకెళ్ళి జీతం లేకుండా సలహా ఇస్తారు. కుర్రాళ్ళు వెళ్ళేదాన్ని పీస్ కోర్ అనేవాళ్ళు కదా, ఈ ముసలాళ్ళ దండుకి "పాంచ్ కోర్" అని ఎకసెక్కం పేరు పెట్టారు. పాంచ్ అంటే బొజ్జ. 1972లో బ్రిటన్‌లో బెసో, 1978లో నెదర్లాండ్స్‌లో పమ్, 1983లో జర్మనీలో సీనియర్ ఎక్స్‌పర్టెన్ సర్వీస్ ఇదే దారిలో వచ్చాయి. డచ్ వాళ్ళు అంతకుముందే 1971లో, పేద దేశాల సరుకు యూరప్‌లో అమ్ముడయ్యేలా చూడటానికే సీబీఐ అని ఒక ప్రభుత్వ సంస్థ పెట్టారు (మన సీబీఐతో సంబంధం లేదు). బెసో 2005లో ఇంకో సంస్థలో కలిసిపోయింది. అమెరికా సంస్థకి ఆసరాగా ఉన్న యూఎస్‌ఎయిడ్‌ని 2025లో మూసేశారు.

రెండు మూడు వారాలు వచ్చి వెళ్ళే రిటైర్డ్ పెద్దమనిషి ఏం చేసి పోతాడు అని వెటకారం చేసేవాళ్ళున్నారు. వాళ్ళ మాట పూర్తిగా కొట్టెయ్యలేం. ఫ్యాక్టరీ యజమానికి అవసరం లేకపోతే ఆయన రిపోర్టు బీరువాలోకి పోతుంది. కానీ అవసరం ఉన్నవాడి దగ్గరకొస్తే ఆ మూడు వారాలు చాలా పనిచేస్తాయి. ఎందుకంటే ఎగుమతిలో కష్టమైన భాగం తయారుచెయ్యడం కాదు, అవతలివాడు ఏం అడుగుతున్నాడో తెలియడం. డబ్బాలో పెట్టిన మామిడిగుజ్జు జర్మనీ సూపర్‌మార్కెట్‌వాడు ఎందుకు వెనక్కి పంపాడు? లేబుల్ మీద ఏ భాషలో ఏం ఉండాలి? షర్టు రంగు మొదటి లాట్‌కీ రెండో లాట్‌కీ ఎంత తేడా వస్తే ఊరుకుంటాడు? ముప్ఫై ఏళ్ళు అదే సరుకు కొనే టేబుల్ దగ్గర కూర్చున్నవాడికి ఇవన్నీ నాలుక చివర ఉంటాయి. మనకి అవి నేర్చుకోవాలంటే నాలుగు కంటైనర్లు తిరిగి రావాలి.

ఆయన ఊరికే వచ్చాడన్నది కూడా చిన్న విషయం కాదని నాకనిపిస్తుంది. ఫీజు తీసుకునే కన్సల్టెంటుకి మళ్ళీ పిలిపించుకోవలసిన అవసరం ఉంటుంది, అందుకని యజమానిని నొప్పించడు. ఊరికే వచ్చిన ముసలాయనకి ఆ బెంగ లేదు. నీ ఫ్యాక్టరీలో తప్పు నీదేనయ్యా అని మొహం మీదే చెప్పగలడు. డెమింగ్ ఆ ఇరవై ఒక్కమందికీ చెప్పింది దాదాపు అదే కదా.

ఇక మన ఊసు. సాఫ్ట్‌వేరు విషయంలో ఈ పాఠం మనకెందుకు ఎక్కింది? ఫ్యాక్టరీల్లో నలభై ఏళ్ళు ఎక్కనిది? జవాబు పైన చెప్పిందే, తిరగేసి చదవండి. సాఫ్ట్‌వేరుకి వాకిట్లో క్యూ లేదు. మొదట్నుంచీ కొనేవాడు సముద్రం అవతలే. పైగా "ఇండియాలో సాఫ్ట్‌వేరా?" అని నవ్వేవాడు. 1950 జపాన్ పరిస్థితి అచ్చంగా.

అమెరికాలో ఐబీఎంని వదిలి 1986లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చిన వాట్స్ హంఫ్రీ, షూహార్ట్, డెమింగ్, జురాన్, క్రాస్బీల ఆలోచనలు తీసుకుని ఒక మెచ్యూరిటీ మోడల్‌కి పునాది వేశాడు. డబ్బు అమెరికా రక్షణ శాఖది. తమకి సాఫ్ట్‌వేరు రాసిచ్చే కాంట్రాక్టర్లని జల్లెడ పట్టడానికి వాళ్ళకది కావాలి. సీఎమ్ఎమ్ 1.1 అచ్చయింది 1993లో. ఆ ఏడాది డిసెంబరులోనే డెమింగ్ పోయాడు. లెవెల్ 4లో "క్వాంటిటేటివ్ ప్రాసెస్ మేనేజ్‌మెంట్" అని ఉండేదే, అదే షూహార్ట్ మెమో. అమెరికా కంపెనీలకి ఈ సర్టిఫికేట్ ఉంటే ఉంది లేకపోతే లేదు. మనకి అదే పాస్‌పోర్టు. బెంగళూరులో మోటరోలా వాళ్ళ సెంటరుతో మొదలై, 2000ల తొలినాళ్ళకల్లా ప్రపంచంలో లెవెల్ 5 కంపెనీల్లో పెద్ద భాగం మనవే. అమీర్‌పేట కుర్రాడి అమెరికా ప్రయాణం వెనక ఆ మూడు అడ్డగీతల వాటా కొంచెం ఉందంటే నవ్వకండి.

అయితే మనం ఎంత నేర్చుకున్నాం అంటే, నా అనుమానాలు నాకున్నాయి. నేను పనిచేసిన ఒక కంపెనీలో చార్టు ముందు గీసి డేటా తర్వాత నింపేవాళ్ళు. అంతకంటే పెద్ద విషయం ఇంకోటుంది. మనం డెమింగ్ పెట్టెలోంచి చార్టు తీసుకుని మిగతావన్నీ అక్కడే వదిలేశాం. ఆయన "అవుట్ ఆఫ్ ది క్రైసిస్" పుస్తకంలో కంపెనీలని చంపే జబ్బుల జాబితా ఒకటుంది. అందులో యాన్యువల్ అప్రైజల్ ఒకటి. అవును, మన అప్రైజలే! లోపం వ్యవస్థలో ఉంటే మనుషులకి ర్యాంకులిచ్చి ఏం లాభం అన్నది ఆయన వాదన. దాన్ని చూపించడానికి ఆయన ఒక ఆట ఆడించేవాడు. ఒక పెట్టెలో తెల్లపూసలూ ఎర్రపూసలూ కలిపి, యాభై గుంటలున్న చెక్క ముంచి తియ్యమంటాడు. ఎర్రపూసలు డిఫెక్టులు. కళ్ళు మూసుకుని తీస్తే ఎవడికెన్ని వస్తాయన్నది అదృష్టం. కానీ తక్కువ ఎర్రపూసలు వచ్చినవాణ్ణి మెచ్చుకుని, ఎక్కువ వచ్చినవాణ్ణి అందరి ముందూ చీవాట్లు పెడతాడు. ఒకే కంపెనీలో డిఫెక్టులకి కంట్రోల్ చార్టు, మనుషులకి బెల్ కర్వ్. రెండూ ఒకే వారం ఒకే హెచ్చార్ ఈమెయిల్‌లో వచ్చేవి. ఆయన చూస్తే ఏమనేవాడో!

జపాన్ వాళ్ళ పాఠం అమెరికాకి తిరిగొచ్చిన కథ కూడా ఒక్క ముక్కలో చెప్పేస్తాను. 1980 జూన్‌లో ఎన్‌బీసీ టీవీలో "జపాన్ చెయ్యగా లేనిది మనం చెయ్యలేమా" అన్న అర్థం వచ్చే పేరుతో ఒక కార్యక్రమం వేశారు. ఎనభయ్యో పడిలో అడుగుపెట్టబోతున్న డెమింగ్ అందులో కనిపిస్తే, మన దేశంలోనే ఇలాంటివాడున్నాడా అని అమెరికా కంపెనీలు నోరెళ్ళబెట్టాయి. ఫోర్డ్ వాళ్ళు పిలిపించుకున్నారు. అప్పటికి జపాన్ చక్రవర్తి ఆయనకి పతకం ఇచ్చి ఇరవై ఏళ్ళు. సారాసాన్ ఐబీఎంలో ఉద్యోగం చేసుకుని, ఎవరికీ పెద్దగా తెలియకుండానే 2001లో పోయాడు.

మన ఫ్యాక్టరీల సంగతి అక్కడే ఆగిపోలేదు. 1983లో మారుతి కారు వచ్చింది, 1991లో తలుపులు తెరిచారు, కొనేవాడికి మొదటిసారి ఎంచుకునే వీలు దొరికింది. కారు విడిభాగాలు చేసేవాళ్ళకి చెమటలు పట్టాయి. అప్పుడు చెన్నై చుట్టుపక్కల కంపెనీలు జపాన్ నుంచి ప్రొఫెసర్లని రప్పించుకున్నాయి. వాళ్ళలో యోషికాజు త్సుడా పేరు ఎక్కువ వినిపిస్తుంది. ఆయన షాప్ ఫ్లోర్ మీద తిరుగుతూ మేనేజర్లని ప్రశ్నలతో చంపేవాడని చెప్పుకుంటారు. 1998లో సుందరం క్లేటన్ బ్రేకుల విభాగానికి డెమింగ్ ప్రైజ్ వచ్చింది, మన దేశానికి అదే మొదటిది. ఆ తర్వాత వరస కట్టాయి. హైదరాబాదులో కూడా ప్లాంటున్న రాణె ఇంజన్ వాల్వ్స్‌కి 2005లో వచ్చింది. ఆ భాగాలు ఇప్పుడు అమెరికా, యూరప్ కార్లలోకి వెళ్తున్నాయి. షూహార్ట్ మన దేశం తిరిగి వెళ్ళింది 1948లో, మొదటి ప్రైజ్ వచ్చింది 1998లో.